జబ్బు రిజిస్టరులో ఒకే ఒక్క సంతకం

చోడవరం ఏరియా పశువైద్యశాలలో అసిస్టెంట్ డైరెక్టరుగా నాకు మూడో ఏడు నడుస్తుండగా, ఒక జనవరి మొదటి వారంలో జిల్లా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఘాటీ రోడ్డు వైపు అడవిలో ఉన్న పెద్ద ఓపెన్ జూలో వెటర్నరీ డాక్టరు దీర్ఘకాలిక సెలవులో ఉన్నారని, ఆయన తిరిగి వచ్చేదాకా అక్కడి పని కూడా నేనే చూడాలని దాని సారాంశం. దీన్ని మా భాషలో ఎఫ్.ఎ.సి. అంటారు, అంటే పూర్తి అదనపు బాధ్యత. పని రెండు చోట్ల, సంతకాలు రెండు చోట్ల, జీపు మాత్రం ఒక్కటే. మంగళ, శుక్రవారాలు జూకి కేటాయించుకున్నాను.

ఆ జూ పేరు రాయను. విశాఖలో అందరూ పిల్లల్ని తీసుకెళ్లేది కాదని మాత్రం చెబుతాను. ఓపెన్ జూ అంటే బోనులుండవు. అడవిలో పదేసి ఎకరాలు ఒక్కో జంతువుకి వదిలి, చుట్టూ లోతైన కందకం తవ్వుతారు. చూడవచ్చినవాళ్లు కందకానికి ఇవతల నిలబడి చూస్తారు. జంతువుకి ఇష్టమైతే కనిపిస్తుంది, లేకపోతే లేదు. వెదురు పొదలు, అల్లుకుపోయిన తీగలు, ఎండాకాలంలో కూడా చెమ్మ ఆరని నేల. నేను మొదటిసారి వెళ్లినరోజు టిక్కెట్టు కొన్న ఒక కుటుంబం గంటసేపు నిలబడి, ఒక్క తోక కూడా కనపడలేదని గేటు దగ్గర గొడవ పెట్టుకుంది. నాకు ఆ జూ మీద గౌరవం కలిగింది ఆ గొడవ చూశాకే.

అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చినవి అడవిదున్నలు. ఏడు పెద్దవి, రెండు పాలు తాగే దూడలు. వాటిని చూసుకునే కీపరు నూకరాజుది రోలుగుంట దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా అవుట్‌సోర్సింగు మీద పని చేస్తున్నాడు. అంటే జూ ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు పంపిన మనిషి. సాయంత్రం నాలుగున్నరకి తవుడు బేసిను మీద కర్రతో రెండు దెబ్బలు కొట్టి, నాలుకతో ఓ చప్పుడు చేసేవాడు. ఐదు నిమిషాల్లో మంద మొత్తం వెదురు పొదల్లోంచి దిగి వచ్చి, వరసగా నైట్ హౌస్‌లోకి వెళ్లిపోయేది. నైట్ హౌస్ అంటే రాత్రి పూట జంతువుల్ని ఉంచే గదులు. డాక్టరు దగ్గరగా చూడాలన్నా, మందు వెయ్యాలన్నా అదే చోటు. టన్ను బరువుండే జంతువుని బయట అడవిలో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అంచేత ఆ మందకి వైద్యం చెయ్యాలంటే నా డిగ్రీ కన్నా ముందు నూకరాజు కర్ర కావాలి. ఆ సంగతి మొదటి వారంలోనే అర్థమైంది.

నెల తిరక్కుండా చుట్టుపక్కల ఊళ్లలో గాలికుంటు మొదలైంది. నోట్లో, గిట్టల మధ్య పుళ్లు లేచి, పశువు చొంగ కారుస్తూ మేత మానేసి కుంటే జబ్బిది. పెద్ద పశువు చాలామటుకు బతుకుతుంది. పాలు తాగే దూడ మాత్రం పుండు కనపడకుండానే గుండె దెబ్బతిని పడిపోతుంది. గాలిలో వస్తుంది, మేతలో వస్తుంది, చెప్పులకి, టైర్లకి, బట్టలకి అంటుకుని వస్తుంది. బుచ్చయ్యపేట మండలంలో కేసులు రాగానే అక్కడి వడ్డాది సంతలో పశువుల అమ్మకాలు ఆపించాం. అది చెరకు ఆడే కాలం. జూకి రోజూ బండెడు చెరకు మొవ్వు ఆ ఊళ్లనుంచే వచ్చేది. నరికిన చెరకు పైనుండే పచ్చి ఆకునే మొవ్వు అంటారు. దాన్ని ఆ రోజే మానిపించాను. అడవిదున్నలకి టీకా వెయ్యాలంటే పైనుంచి అనుమతి రావాలి. అడుగుతూ రాసిన కాగితం ఎక్కడో తిరుగుతోంది.

కాబట్టి చేతిలో ఉన్నవి చేశాను. గేటు దగ్గర సిమెంటు తొట్టె కట్టించి చాకలి సోడా నీళ్లు నింపించాను. బండైనా మనిషైనా అందులోంచి రావాల్సిందే. రెండోది, ఒక రిజిస్టరు పెట్టించాను. కీపర్లలో పదకొండు మందికి ఇళ్ల దగ్గర ఆవులో గేదెలో ఉన్నాయి. ఎవరి పశువుకి జబ్బు వచ్చినా అందులో రాసి, ఇరవై ఒక్క రోజులు జూకి రాకూడదు. నిజానికి ఈ జబ్బు సోకిన పధ్నాలుగు రోజుల్లో బయటపడాలి. జూ కాబట్టి నేను మరో వారం కలిపాను. ఆ రోజులకి జీతం కోత ఉండదని, ఉద్యోగానికి ఢోకా లేదని క్యూరేటరు, అంటే ఆ జూకి అధికారి, నా ముందే కీపర్లకి చెప్పారు. నోటిమాటగా చెప్పారు. ముప్పై ఏళ్ల సర్వీసున్న నేను, కాగితం మీద పెట్టమని అడగలేదు.

తర్వాతి బుధవారం పొద్దున్నే నూకరాజు గేటుదాకా వచ్చి, లోపల అడుగు పెట్టకుండా రోడ్డు మీదే నిలబడి, రిజిస్టరు బయటికి తెమ్మన్నాడట. చేతులు సోడా నీళ్లలో కడుక్కుని రాశాడట. ఏడో తరగతి చదివినవాడు. ఆ నాలుగు లైన్లు నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి: “మా ఆవుకు నిన్న సాయంత్రం నుండి నోటియందు, కాలి గిట్టలయందు పుండ్లు. డాక్టరమ్మగారు చెప్పిన ప్రకారము నేను ఇరవై ఒక్క దినములు రాను. దున్నలకు తవుడులో ఉప్పు మరువవద్దు.” కింద సంతకం. మధ్యాహ్నం నాకు ఫోను కూడా చేశాడు. ఆవుకి చోడి, అంటే రాగి, అంబలి పడుతున్నాడట, పర్మాంగనేట్ నీళ్లతో నోరు కడుగుతున్నాడట. తన గురించి అడగలేదు. “మన దున్నలు మేస్తన్నాయా అమ్మా?” అని అడిగాడు.

పదకొండు రోజుల తర్వాత, ఆదివారం నాడు, ఒక పెద్దమనిషి కుటుంబంతో సహా జూ చూడ్డానికి వచ్చారు. ఆయన నాయకుడో, అధికారో, వ్యాపారో నేను రాయను. అందరూ అలాగే చేస్తారు కనక ఎవరైతేనేం. ఐదు కార్లు. నాకు కబురు లేదు. నేను తెలుసుకున్నది మంగళవారం, గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి చెప్పగా. తెల్లకారుకి సోడా నీళ్ల మరకలు పడతాయని పొద్దున్నే తొట్టె నీళ్లు తోడించేసి, మీద చెక్కలు పరిచారట. కందకం ఇవతలనుంచి చూస్తే అడవిదున్నలు కనపడవు కదా, అంచేత మందని ఆ పొద్దున్న బయటికి వదలకుండా ఉంచి, కీపర్లు వెళ్లే లోపలి దారిలోంచి నైట్ హౌస్ దాకా కార్లు పోనిచ్చారట. అంతటితో ఆగలేదు. ఆ కుటుంబానికి దున్నలకి చేత్తో మేత పెట్టి ఫోటోలు తీసుకోవాలని సరదా పుట్టింది. దారిలో ఒక చెరకు తోట దగ్గర ఆపి మొవ్వుతో సహా రెండు కట్టలు కొట్టించి, కారు వెనకాల పడేసుకుని వచ్చారు. ఏ తోట అని అడిగాను.

“వడ్డాది దాటాక, రోడ్డు పక్కదేనంట అమ్మా. డ్రైవరు సెప్పేడు. ఆ తోటలోనే పశువులు కట్టేసున్నాయంట కూడాను” అన్నాడు సెక్యూరిటీ మనిషి.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఏ ఊళ్ల మేత రానివ్వొద్దని చెక్‌పోస్టు పెట్టినంత పని చేశానో, ఆ ఊళ్ల మేతే ఏసీ కారులో వచ్చి నా మంద నోట్లో పడింది. క్యూరేటరుని అడిగితే, పెద్దవాళ్లు అడిగినప్పుడు కాదనలేం కదా మేడం అని, ఏం కాదులెండి అని అన్నారు. ఆయన చెడ్డవాడని నేను అనను. భయస్థుడు. భయస్థుడి కింద పని చెయ్యడం చెడ్డవాడి కింద పని చెయ్యడం కన్నా ఏ విధంగానూ సుఖం కాదు.

ఆ శనివారం ఫోను వచ్చింది. పెద్ద ఆడదున్న ఒకటి చొంగ కారుస్తోందని, రెండు కుంటుతున్నాయని. వెళ్లి బైనాక్యులర్స్‌లో చూశాను. చూడగానే తెలిసిపోయింది. నూకరాజు జూ వదిలి పదిహేడో రోజు అది. పెద్దమనిషి వచ్చి వెళ్లిన ఆరో రోజు. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూడ్డానికి పశువైద్యం చదవక్కర్లేదు.

వైద్యం చెయ్యాలంటే మంద నైట్ హౌస్‌లోకి రావాలి. నూకరాజు స్థానంలో పెట్టిన మనిషి పాపం గంటసేపు బేసిను వాయించినా, గిట్టల్లో పుళ్లతో ఉన్న దున్నలు వెదురులోంచి కదల్లేదు. మత్తు బాణం వేస్తే ఆ స్థితిలో లేవకపోవచ్చు. జబ్బు ఎలాగూ మందలో పడింది, ఇక దూరం ఉంచి లాభం లేదు, నూకరాజుని ఇవాళే పిలిపించండి అన్నాను. విచారణ అయ్యేదాకా అతన్ని రానివ్వొద్దని పైనుంచి చెప్పారన్నారు క్యూరేటరు. విచారణ ఎవరి మీద అని అడిగాను. ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకున్నారు.

మంగళవారం ముగ్గురితో కమిటీ కూర్చుంది. పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి అధ్యక్షుడు, క్యూరేటరు సభ్యుడు, నేను సాంకేతిక సభ్యురాలిని. అధ్యక్షుడు రిజిస్టరు తెరిచి నూకరాజు రాసిన పేజీ దగ్గర వేలు పెట్టి, ఒక్క ప్రశ్న అడుగుతాను, అవునో కాదో చెప్పండి మేడం అన్నారు. ఇంట్లో జబ్బు పశువు ఉన్న మనిషి బట్టల ద్వారా ఈ జబ్బు జూలోకి రాగలదా. రాగలదు, కానీ జబ్బు కనపడేనాటికే ఇతను జూ వదిలి పదిహేడు రోజులైంది అన్నాను. ‘రాగలదు’ అని రాసుకున్నారు. మిగతాది రిజిస్టరులో తేదీ ఉంది కదా, మళ్లీ ఎందుకు అన్నారు. ఆదివారం కార్ల సంగతి ఎత్తాను. సందర్శకుల విషయం విచారణ పరిధిలో లేదన్నారు. సందర్శకుల పుస్తకం తెప్పించమన్నాను. పెద్దమనుషులు పుస్తకంలో సంతకం పెట్టరు కనక ఆ రోజు ఎవరూ వచ్చినట్టే లేదు. సెక్యూరిటీ మనిషిని పిలిపించాను. నా మొహం చూడకుండా గోడకేసి చూస్తూ, “నాకేటీ తెల్దండి, ఆ రోజు నాను డ్యూటీలో లేనండి” అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతనూ అదే కాంట్రాక్టరు మనిషి.

చివరికి తయారైన వాక్యం ఇది: కీపరు ఇంటి నుండి వ్యాధి సంక్రమించి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేము. ఇది ప్రాథమిక నివేదిక మాత్రమే, చర్యలేమీ ఉండవు, మీరు సాంకేతిక అంశానికే సంతకం పెడుతున్నారు అని అధ్యక్షుడు మర్యాదగా చెప్పారు. నేను పెట్టాను. ఎందుకు పెట్టానని ఎవరైనా అడిగితే, అలసిపోయి, మంద దగ్గరికి వెళ్లాలన్న తొందరలో అని చెప్పుకోవచ్చు. అది సమాధానం కాదు. ఆ వాక్యంలో ప్రతి మాటా శాస్త్రప్రకారం నిజమే, మొత్తం కలిస్తే అబద్ధం. అది నాకు సంతకం పెట్టేటప్పుడే తెలుసు.

ఇరవై ఒక్క రోజులూ పూర్తి చేసుకుని, గురువారం పొద్దున్న నూకరాజు డ్యూటీకి వచ్చాడు. గేటు దగ్గరే ఆపి, పనిలోంచి తీసేసినట్టు చెప్పి, కారణం అడిగితే ఒక జిరాక్సు కాగితం చేతిలో పెట్టారు. అది తను రాసిన పేజీయే. పది గంటలకి అతను చోడవరంలో నా గదిలో ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కాగితం నా బల్ల మీద పెట్టి, దాని మడతలు పోయేలా చేత్తో సాపు చేశాడు.

“సెప్పమన్నది తవరే కదమ్మా. సెప్పేను. సెప్పనోళ్లంతా డ్యూటీలో ఉన్నారు.”

అతని దగ్గర అరుపు లేదు, ఏడుపు లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. సెప్పనోళ్లు అంటే ఎవరని అడిగాను. పేర్లు చెప్పలేదు. “ఆళ్ల కూడు ఆళ్లు తింతన్నారు, మనకెందుకమ్మా” అన్నాడు.

శుక్రవారం దూడల్లో ఒకటి చనిపోయింది. పోస్టుమార్టం నేనే చేశాను. గుండె కండ మీద పసుపు తెలుపు చారలు. మా పుస్తకాల్లో దాన్ని పులిగుండె అంటారు, పులి చర్మం మీద చారల్లా ఉంటాయని. ముందు రోజు దాకా తల్లి వెనకాల తిరిగిన దూడ. తల్లి నోరు కడిగి, పొదుగు శుభ్రం చేసి, దూడని వేరు చెయ్యగలిగి ఉంటే బతికేదని ఖాయంగా చెప్పలేను. ఆ ప్రయత్నం చెయ్యనివ్వలేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

దూడ పోయాక క్యూరేటరు బెదిరిపోయారు. రెండో దూడ కూడా పోతే తనకి మెమో తప్పదు. అప్పుడన్నారు, మేడం, మీరు చెబితే అతను వింటాడు, ఓ నాలుగు రోజులు వచ్చి మందని లోపల పెట్టి వెళ్లమనండి, వెనక గేటులోంచి, మస్టరులో రాయకుండా. మస్టరు అంటే హాజరు పట్టీ. జబ్బు తెచ్చాడని ముందు గేటులోంచి గెంటినవాడిని, ఆ జబ్బు నయం చెయ్యడానికి వెనక గేటులోంచి పిలవడం. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట నా సర్వీసులో నేను వినలేదు. అన్నాను కూడా, ఆ మాటలతోనే. అన్నాక జీపెక్కి రోలుగుంట వైపు వెళ్లాను. ఎందుకంటే మందకి నూకరాజు కావాలి, ఆ సంగతి క్యూరేటరు సిగ్గుతో సంబంధం లేకుండా నిజం.

నూకరాజు భార్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను చెప్పిందంతా విని, చేట పక్కన పెట్టి, “ఇంకేటి రాయించుకుంతారమ్మా ఈయన సేత?” అంది. నూకరాజు మాత్రం చొక్కా తగిలించుకుని బయటికి వచ్చాడు. “ఆటికేటి తెలుసే ఇయ్యన్నీ” అని భార్యతో అని జీపెక్కాడు.

ఆ సాయంత్రం అతను బేసిను మీద రెండు దెబ్బలు కొట్టాడు. చాలాసేపు ఏమీ కదల్లేదు. మళ్లీ కొట్టి, ఆ చప్పుడు చేశాడు. పెద్ద ఆడదున్న మూడు కాళ్ల మీద కుంటుకుంటూ ముందు వచ్చింది, వెనక మిగిలినవి. ఐదు రోజులు నోళ్లు, గిట్టలు కడిగాం, బోరో గ్లిజరిన్ రాశాం. పెద్దవి అన్నీ, రెండో దూడా నిలబడ్డాయి. ఆరో రోజు నూకరాజుని మళ్లీ వెనక గేటులోంచే పంపేశారు. చేసిన ఐదు రోజులకి ఏ కాగితంలోనూ అతను లేడు.

నేను విడిగా అసమ్మతి లేఖ రాశాను. తేదీలు, పధ్నాలుగు రోజుల లెక్క, తొట్టె, చెరకు మొవ్వు, అన్నీ. నా సంతకం తొందరపాటని కూడా రాశాను. రెండు నెలలకి రెండు జవాబులు వచ్చాయి. ఒకటి, ఫైలు ముగిసిందని. రెండోది నాకు మెమో, విచారణ పరిధి దాటి గౌరవనీయులైన సందర్శకులను ప్రస్తావించినందుకు సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను. నూకరాజు ఉద్యోగం తిరిగి రాలేదు. మూడుసార్లు క్యూరేటరు మారారు, మూడుసార్లూ అడిగాను. ఇప్పుడతను చెరకు కొట్టుడుకి వెళ్తున్నాడు.

సెలవులో వెళ్లిన డాక్టరు రాకపోవడంతో నా ఎఫ్.ఎ.సి. రెండో ఏడు కూడా సాగింది. మరుసటి చలికాలంలో ఊళ్లలో మళ్లీ గాలికుంటు వచ్చింది. జబ్బు రిజిస్టరు తీసి చూశాను. కీపర్లు రాసి సంతకం పెట్టాల్సిన చోట సంతకం లేదు, వారం వారం ‘ఏమీ లేదు, ఏమీ లేదు’ అని గుమస్తా రాసిన గీతలే ఉన్నాయి. మొత్తం పుస్తకంలో సంతకం ఒక్కటే, పాత పేజీలో. ఆ రోజే దుప్పుల కీపరు నా ముందు మేత తూకం పట్టుకుంటే అతని గోళ్లు చూశాను. పర్మాంగనేట్‌లో పదేపదే చెయ్యి పెట్టేవాళ్లకి గోళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. రోజూ పశువు నోరు కడిగేవాడి చేతులవి.

పక్కకి పిలిచి, ఎన్ని రోజులైందని అడిగాను. “ఐదు రోజులండి, పెయ్యకి” అన్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నూకరాజు సెప్పేడు కదమ్మా” అన్నాడు.

అతనికి జ్వరమని నేనే చీటీ రాసి మూడు వారాలు ఇంటికి పంపాను. అతనికి జ్వరం లేదు. ముప్పై ఏళ్లలో నా చేత్తో తెలిసి రాసిన మొదటి అబద్ధపు కాగితం అది, దానివల్ల దుప్పులకి ఏ జబ్బూ రాలేదు. నిజం రాసిన కాగితం వల్ల జరిగింది పైన చెప్పాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. గాలికుంటుని ఆపేది టీకా, సోడా నీళ్లు, వాటికన్నా ముందు, మా ఇంట్లో జబ్బుందని చెప్పే మనిషి. అతనికి రక్షణ మీ నోటిమాటలో ఉండదు. రిటైరయ్యేదాకా మిగిలిన కాలంలో నేను చాలా ఊళ్లలో జబ్బు రిజిస్టర్లు పెట్టాను. చెప్పినవాడి ఉద్యోగానికి, జీతానికి, పశువుకి ఏమీ కాదని పైఅధికారి సంతకంతో కాగితం నా చేతికి వచ్చేదాకా, ఒక్కరిని కూడా నిజం రాయమని అడగలేదు.